నూట పది మందికి ఎసరు

ఆరువందల పన్నెండు మంది జవాబులు పంపారు. అడిగినవి రెండే ప్రశ్నలు. మన వంటల గ్రూపులో మీకు నచ్చేదేమిటి? మార్చాల్సిందేమిటి? అన్నీ చదివి, ఒక్క పేజీకి కుదించి, శనివారం పొద్దుటికల్లా చేతిలో పెట్టమని వదిన హుకుం. గ్రూపు పెట్టింది వదిన. చాకిరీ మాత్రం ఆడపడుచు మీద పడింది.

ఆ ఆడపడుచును గ్రూపులో నలభై వేల మందీ కొలతలక్క అంటారు. కడుపు నింపే పని మాత్రం కుట్టుపని. ముందు గదిలో రెండు మిషన్లు, మనిషి పడుకునేంత కత్తిరింపు బల్ల, మేకులకు వేలాడే అట్ట నమూనాలు. ఆ వారం బడిపిల్లల యూనిఫాంలు నలభై జతలు ఇవ్వాలి. మంగళవారం పొద్దున్న చొక్కాల గుడ్డ నాలుగు మడతలు పరిచి, మూలలకు ఇనుప బరువులు పెట్టి, ఒక చేత్తో సుద్దగీత గీస్తూ, రెండో చేత్తో ఫోను తోస్తూ చదవడం మొదలుపెట్టింది. కిటికీ పక్కన అత్త కళ్లజోడు ముక్కు కొసకు జార్చుకుని బొత్తాలు కుడుతోంది. ఆవిడకు చదువు రాదు. వినడం మాత్రం మహ బాగా వచ్చు.

"పైకి చదవ్వే. నాకూ పొద్దుపోతుంది," అంది అత్త.

"'గుడ్డు ఎంతసేపు ఉడకబెట్టాలి అని అడిగినా ఇక్కడ ఎవరూ నవ్వరు. అది చాలు నాకు.'"

"పాపం, ఇంట్లో నవ్వుంటారు. ఊఁ."

"'తగినంత ఉప్పు అని రాసేవాళ్లను వారం పాటు బయట నిలబెట్టాలి. తగినంత అంటే ఎంతో తెలిస్తే మేమిక్కడికి ఎందుకొస్తాం?'"

అత్త సూది ఆపింది. "ఎవరోగానీ బుర్రున్న మనిషి."

"'మా ఆయన కూడా ఈ గ్రూపులో ఉన్నాడని నిన్ననే తెలిసింది. తీసెయ్యడానికి వీలవుతుందా?'"

"ఎందుకట?"

"రాయలేదు."

"రాయక్కర్లేదులే."

వీడియోల్లో కబుర్లు తగ్గించి మంట ఎంత పెట్టాలో చెప్పమన్నవాళ్లున్నారు. పళ్లెం ఫొటో కాదు, గిన్నె అడుగు ఫొటో పెట్టమన్నవాళ్లున్నారు. మధ్య మధ్యలో మాత్రం ఒకే మాట, అటు తిప్పీ ఇటు తిప్పీ. 'కొలతలక్క పట్టిక.' 'పట్టిక లేకపోతే మా ఇంట్లో చుట్టాలకు భోజనం లేదు.' అవి వచ్చినప్పుడల్లా ఆమె గొంతు తనకు తెలియకుండానే తగ్గుతోంది.

"నిన్ను మెచ్చుకున్నవేగా, గొణుగుతావేం? డబ్బులిచ్చి రాయించుకున్నదానిలాగా," అంది అత్త.

ఆ పట్టిక పేరు 'ఎంత మందికి ఎంత'. ఎడమ పక్క వంటల పేర్లు. పైన మనుషుల లెక్క: రెండు, నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ఐదు, యాభై, వంద, నూట యాభై. గడిలో వేలు పెడితే బియ్యమెంత, ఎసరెంత, ఉప్పెంత, అన్నీ గ్లాసుల్లోనూ చెంచాల్లోనూ ఉంటాయి. జవాబులు రాసినవాళ్ల మాటల్లో చెప్పాలంటే, అది వంటింటి ఎక్కం. పెద్ద గిన్నెలు చేసే కంపెనీ ఒకటి దాన్ని అచ్చువేసి ప్రతి గిన్నెతోనూ పెట్టెలో పెడతామంటోంది. కింద 'కొలతలక్క' అని పేరు కూడా వేస్తారట. శనివారం వదిన ఇంట్లో సంతకాలు.

నాలుగు వందలు దాటాక ఒక జవాబు దగ్గర ఆమె పైకి చదవడం ఆపేసింది.

'నచ్చేది: ఒకప్పుడు అడిగితే చెప్పేవారు. మార్చాల్సింది: చెడిపోయిందని చెబితే వినండి. పట్టిక ప్రకారం క్యాంటీనులో నూట పది మందికి కూరగాయలన్నం వండాను. గరిటె గుచ్చితే నిలబడింది. ఫొటో పెట్టాను, తీసేశారు. మళ్లీ పెట్టాను, మళ్లీ తీసేశారు. ఇప్పుడు వారం రోజులు నాకు నోరు లేదు. శుక్రవారం మళ్లీ అదే పట్టికతో వండాలట. పై అధికారులు తినడానికి వస్తారు. అదీ చెడితే మా వంటగది మూసేస్తారు.'

చంక దగ్గర గుండ్రంగా తిరగాల్సిన సుద్దగీత తిన్నగా అంచుదాకా పోయింది.

"ఏమైందే?"

"ఏం లేదత్తయ్యా. గీత తప్పింది."

తీసేసినవి నెల రోజుల పాటు ఒక మూలన పడి ఉంటాయి. ఆమెలాంటి అడ్మిన్లకే కనిపిస్తాయి. బల్లకు వీపు తిప్పి నిలబడి వెతికింది. తొమ్మిది రోజుల కిందటి ఫొటో. స్నానానికి సరిపోయేంత గిన్నె, అందులో పసుపుపచ్చటి ముద్ద, నడిమధ్య ఎవరూ పట్టుకోకుండా నిటారుగా నిలబడ్డ గరిటె. కింద 'తీసేసినవారు: కొలతలక్క. కారణం: ఫొటో బాగాలేదు.' సరిగ్గా తొమ్మిది నిమిషాల తర్వాత అదే ఫొటో మళ్లీ ఉంది. దాని కింద 'వంద మంది గడి తప్పు. దయచేసి చూడండి' అని రాసి ఉంది. తీసేసినవారు మళ్లీ కొలతలక్కే.

మొదటిసారి తొందరలో తీసేసింది. ఆ రోజు అలాంటివి డెబ్భయ్యో ఎనభయ్యో తీసేసి ఉంటుంది. రెండోసారి అలా కాదు. రెండోసారి చదివింది. చదివినప్పుడు చెవులు వేడెక్కాయి. అది ఆమెకు బాగా గుర్తుంది.

*

బుధవారం మధ్యాహ్నం దాకా నాలుగు చొక్కాలు కుట్టి, మూడు విప్పింది. ఇక లాభం లేదని ఫొటో పెట్టినావిడకు విడిగా సందేశం పంపి నెంబరు అడిగింది. నెంబరు వచ్చింది, ముక్తసరిగా. వెనకగదిలోకి వెళ్లి తలుపు జారేసి ఫోను చేసింది.

"చెప్పండి." అవతల పెద్ద గిన్నెలు తోముతున్న చప్పుడు.

"నేనండీ, గ్రూపులో కొలతలక్కని. మీ జవాబు చదివాను."

"చదివారా. ఎవరూ చదవరనుకున్నా. కడుపుమంట కొద్దీ రాశా."

"మీ ఫొటో తీసేసింది నేనే."

"తెలుసు. తీసేసినవాళ్ల పేరు కింద పడుతుంది కదమ్మా. నాకు చదువు తక్కువేగానీ మరీ పేరు చదవలేనంత కాదు."

"రెండుసార్లు తీసేశాను. మొదటిసారి చూడకుండా. రెండోసారి చూసే."

గిన్నెల చప్పుడు ఆగింది. కుళాయి కట్టేశారు.

"చూసే తీశారన్న మాట చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అంది క్యాంటీనావిడ. "సరే, చెప్పారు. నేనూ ఒకటి అడుగుతా. ఆ వంద గడి రాసేటప్పుడు ఎంతమందికి వండి చూశారు?"

"పన్నెండు మందికి."

"మరి వంద?"

"ఆ పన్నెండు లెక్కనే హెచ్చవేశాను."

"మీరు చేసే పనేంటి? ఇదే పనా?"

"కాదండి, కుట్టుపని."

"అయితే మీకు నేను చెప్పేదేముంది? బక్కమనిషికి కుట్టిన చొక్కా లావుమనిషికి కుట్టాలంటే గుడ్డ రెండింతలు పడుతుంది. మరి కాలరు కూడా రెండింతలు పెడతారా? బొత్తాలు పళ్లేలంత పెడతారా?"

కొలతలక్క తలుపు సందులోంచి బయటికి చూసింది. ముందు గదిలో మేకులకు వేలాడే అట్టల్లో ప్రతి సైజుకూ మెడ ఎంత పెరగాలో, భుజం ఎంత పెరగాలో వేరు వేరుగా గీసి ఉంది. పదహారేళ్లుగా గీస్తోంది. ఛాతీ రెండంగుళాలు పెంచితే భుజం పావంగుళం పెరుగుతుంది. అది చేతికి తెలుసు. ఆ చేతితోనే ఎసరు మాత్రం గుడ్డిగా హెచ్చవేసింది.

"చిన్న గిన్నెలో ఎసరు సగం ఆవిరై పోతుంది. అందుకని రెండింతలు పోస్తారు," అంటోంది క్యాంటీనావిడ. "నా గిన్నె మూత మోయడానికి ఇద్దరు కావాలి. ఇక ఆవిరి ఎక్కడికి పోతుంది? పొయ్యి కట్టేశాక కూడా అరగంట దానంతటదే ఉడుకుతుంది. పంతొమ్మిదేళ్లుగా చేత్తో చూసి పోస్తున్నా. ఒక్కరోజు ముద్ద కాలేదు. ఈ కొత్త మేనేజరు వచ్చి, అన్నీ రాతలో ఉండాలన్నాడు. మీ పట్టిక అచ్చుతీసి గోడకంటించాడు. నీళ్లు ఎక్కువ బాబూ అన్నా. 'కింద చూడు, మూడువేల మంది బాగుందన్నారు, ఒక్కరైనా చెడిందన్నారా' అన్నాడు. చెడిందన్నవాళ్లను మీరు ఉంచితే కదా."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? సరైన ఎసరెంతో చెప్పండి. ఇప్పుడే దిద్దుతాను. మీ పేరే వేస్తాను."

"అదే వద్దు. నా గిన్నె వేరు, నా పొయ్యి వేరు. నా లెక్క మీరు రాస్తే ఇంకోచోట ఇంకో మేనేజరు దాన్ని గోడకంటిస్తాడు. అక్కడ ఇంకొకావిడ గరిటె గుచ్చి ఏడుస్తుంది. నాకు ఒక్క ముక్క చాలు. పన్నెండు మంది దాటితే ఇది నేను వండి చూసిన లెక్క కాదు అని, మీ పట్టిక కిందే మీరే రాయండి. అది చూపించుకుంటా."

"ఎప్పటికల్లా?"

"శుక్రవారం పదింటికి ఎసరు పెట్టాలి. మగ్గు ఆయనే పట్టుకుంటానన్నాడు. ఈ వంటగదిలో నలుగురం ఉన్నామమ్మా. మూస్తే నలుగురికీ తాళమే. బయట్నుంచి పొట్లాలు తెప్పిస్తారట."

సాయంత్రం కొలతలక్క వదిన ఇంటికి వెళ్లింది. వదిన వంటింట్లో లైట్లు అమర్చుకుని, కంపెనీవాళ్లు పంపిన కొత్త గిన్నెను పొడిగుడ్డతో తుడుస్తోంది. వేలిముద్ర కనిపించిన చోటల్లా ఊది, మళ్లీ తుడుస్తోంది. విషయం మొత్తం విన్నాక కూడా చెయ్యి ఆపలేదు.

"రాయద్దని ఎవరన్నారు? ఆదివారం రాయి. శనివారం సంతకాలు కానీ."

"శుక్రవారానికే ఆవిడ వంటగది మూసేస్తారు వదినా."

"ఆరువందల పన్నెండు మందిలో ఒక్కతి. ఆవిడ ఏం పోసిందో, ఎలా వండిందో మనం చూశామా?"

"ఫొటో చూశాను."

"చూడమ్మాయ్," వదిన ఇప్పుడు గుడ్డ కింద పెట్టింది. "గ్రూపు కొత్తలో ఒక పిల్ల మాడిన రొట్టె ఫొటో పెట్టింది. గుర్తుందా? రెండువందల మంది దాన్ని పట్టుకుని ఆడుకున్నారు. చెప్పుకు అట్ట వేసుకోమన్నారు. ఆ పిల్ల మళ్లీ రాలేదు. నాకు రెండురోజులు నిద్ర పట్టలేదు. అందుకే చెడిపోయినవి పెట్టకూడదని రూలు పెట్టా. ఎవరి మీద కక్షతోనూ కాదు."

"తెలుసు. కానీ ఆ రోజు తీసెయ్యాల్సింది నవ్వినవాళ్లను. మనం రొట్టెలు తీసేస్తూ వచ్చాం."

వదిన గిన్నెను వెలుగుకు తిప్పుకుంది. "ఆదివారం," అంది. "ఏడేళ్ల కష్టం. నాలుగు రోజులు ఆగలేవా?"

ఇంటికొచ్చి బల్ల ముందు ఊరికే నిలబడింది. అత్త అడిగి అడిగి మొత్తం లాగింది. ఆరువందల పన్నెండులో ఒక్కతి అన్న మాట దగ్గర దారం పంటితో తెంపింది.

"మీ వదిన అన్నం వండుతుందా, అసలు? కుండెడు అన్నం ఉడికిందో లేదో ఎన్ని మెతుకులు పట్టి చూస్తాం మనం?"

*

గురువారం పొద్దున ఏడింటికి, పొయ్యి మీద పాలు పెట్టుకుని, కొలతలక్క పట్టిక కింద రాసింది. మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపింది. మొదటిదాంట్లో క్షమాపణలు ఎక్కువయ్యాయి. రెండోదాంట్లో ఆవిరి గురించి పాఠం చెప్పింది. చివరికి మిగిలినవి మూడు ముక్కలు.

'పన్నెండు మంది దాటిన గడులు నేను వండి చూడలేదు. హెచ్చవేసి రాశాను. వాటిని నమ్మకండి.'

పంపింది. పాలు పొంగాయి. పొయ్యి తుడిచి వచ్చేసరికి కింద నాలుగు జవాబులున్నాయి. ఇంకో నిమిషానికి ఏడు.

'యాభై మందికి వండితే గంజయింది. నాకు చేతకాలేదనుకున్నా.' 'మా ఇంట్లో వేడుకకు ఇరవై ఐదు గడి చూసి పులుసు చేశా. ఉప్పు కషాయం. మా తోడికోడలు ఇప్పటికీ అంటుంది. తప్పు నాదే అనుకున్నా అక్కా.' 'నేను పట్టిక మెచ్చుకుంటూ మొన్న జవాబు రాశాను. నిజం చెప్పాలంటే ఎనిమిది దాటి ఎప్పుడూ వండలేదు.' 'నాదే తప్పనుకున్నా.' 'నాదే తప్పనుకున్నాను.'

నిలబడే చదివింది. పదకొండోది చదువుతుండగా తెర ఒకసారి తెల్లగా మెరిసింది. మళ్లీ చూస్తే పట్టిక ఉంది. దాని కింద మూడువేల మెచ్చుకోళ్లు ఉన్నాయి. ఆమె రాసింది లేదు, వాళ్లు రాసినవీ లేవు. మళ్లీ రాయబోతే ఫోను ఒప్పుకోలేదు. 'ఏడు రోజుల వరకు మీరు ఇక్కడ రాయలేరు.'

వెంటనే వదిన ఫోను. "కోపం తెచ్చుకోకు. శనివారం కాగానే నేనే తెరుస్తా. అడ్మినుగా కూడా మళ్లీ పెడతా. ఎవరికీ చెప్పకు, నీ పరువే పోతుంది."

"వదినా, పదకొండు మంది..."

"చూశా," అంది వదిన. "అందుకే తీసేశా." పెట్టేసింది.

మధ్యాహ్నం క్యాంటీనావిడ నుంచి గొంతు సందేశం వచ్చింది. వెనకాల ఎవరో ఉల్లిపాయలు తరుగుతున్నారు. 'చూశానమ్మా. ఆయన్ని పిలుచుకొచ్చేలోగా పోయింది. ముందే ఫొటో తీసి పెట్టుకున్నా, అది చూపించా. ఇలాంటివి ఎవరైనా తయారుచేస్తారు, అసలు చోట చూపించు అన్నాడు. అసలు చోట లేదాయె. సరేలెండి. మీరు రాశారు. అది చాలు.'

అది చాలు అన్న మాట రెండుసార్లు విన్నది. చాలలేదని ఆ గొంతే చెబుతోంది.

సాయంత్రం దాకా మిషను తొక్కుతూనే ఉంది. చీకటి పడకముందే కూర్చుని వదిన అడిగిన పేజీ కూడా రాసి పంపేసింది. నచ్చేవి తొమ్మిది. మార్చాల్సినవి పదమూడు. ఆ పదమూడులో మొదటిది, 'చెడిపోయినవి ఉండనివ్వండి.' దాని పక్కన రాసినవాళ్ల సంఖ్య దగ్గర పన్నెండు వేసింది. క్యాంటీనావిడ, పదకొండు మంది. ఆ తర్వాత కొట్టేసి, తనను కూడా కలుపుకుని పదమూడు చేసింది.

*

శుక్రవారం పొద్దున యూనిఫాంలు ఇంకా పద్నాలుగు జతలు మిగిలున్నాయి. అత్త మిషను ముందు పీట లాక్కుని కూర్చుంది.

"ఒంటి కుట్టు నేను వేస్తా. చేతికి రాకపోతే రేపు నువ్వే విప్పుకుందువు. పో."

"ఎక్కడికత్తయ్యా?"

"నన్నడుగుతావేం? పొద్దుట్నుంచీ చెప్పులు వేసుకునే ఉన్నావు."

రెండు బస్సులు మారాలి. రెండో బస్సులో సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి ఉండగా వదిన ఫోను చేసింది.

"నీ పేజీ చదివా. మనుషులు కూడా అడుగుతున్నారు, నిన్నటి కామెంట్లేవి అని. నాకు ఏం చెప్పాలో తోచట్లేదు. నువ్వు ఎక్కడున్నావు, ఆ హోరేంటి?"

"బస్సులో. వదినా, అచ్చువేసే కాగితం మీంచి నా పేరు తీయించు. ఇరవై ఐదు నుంచి అన్ని గడులూ తీయించు. పన్నెండు దాకా ఉంచితే చాలు."

"పెద్ద గిన్నెలు అమ్ముకునేవాడికి పన్నెండు మంది పట్టిక ఎందుకే?"

"అది వాళ్లే ఆలోచించుకుంటారు."

"అయితే శనివారం లేనట్టేగా," అంది వదిన. అడిగినట్టు లేదు, చెప్పినట్టూ లేదు. కొలతలక్క ఏదో అనబోయేంతలో బస్సు ఒక గుంతలో పడి లేచింది. ఫోను కట్టయింది.

క్యాంటీను ఒక పెద్ద కర్మాగారం వెనక, రేకుల కప్పు కింద. గేటు దగ్గర కాపలాదారు ఎవరు కావాలన్నాడు. వంటావిడ కావాలంది. ఏ వంటావిడ అన్నాడు. పేరు అడగనే లేదని అప్పుడు తట్టింది. "గరిటె నిలబడిన వంటావిడ," అంది. అతను ఫక్కున నవ్వి, వెనక దారి చూపించాడు. కథ కర్మాగారమంతా తెలిసినట్టుంది.

లోపల మూడు పొయ్యిలు. మధ్య పొయ్యి మీద ఆ గిన్నె, ఫొటోలో కంటే పెద్దది. ఇద్దరు ఆడవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు, ఒకావిడ బియ్యం కడుగుతోంది. గిన్నె పక్కన, ఉతికి ఉతికి రంగు పోయిన ఏప్రనులో, పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వినడానికి ఎంత పదునుగా ఉండేదో చూడ్డానికి అంత అలసటగా ఉంది. గోడ మీద పట్టిక. వంద గడి చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి, పక్కన 'నూట పది: బియ్యం యాభై ఐదు, ఎసరు నూట పది' అని లెక్క కట్టి ఉంది. దాని ముందు మేనేజరు, ముప్పై దాటని మనిషి, మడతలు చెదరని చొక్కా, చేతిలో నాలుగు గ్లాసులు పట్టే మగ్గు.

"ఇరవై ఏడున్నర మగ్గులు. ఈసారి ఒక్క చుక్క అటూ ఇటూ కావడానికి వీల్లేదు," అంటున్నాడు. "నువ్వు గిన్నె ముట్టుకోకు. నేనే పోస్తా."

"పోసుకో బాబూ," అంది క్యాంటీనావిడ. "నీ చేత్తోనే పోసుకో."

కొలతలక్క గుమ్మం దాటి లోపలికొచ్చింది. "కాసేపాగండి."

మేనేజరు వెనక్కి తిరిగాడు. "మీరెవరు?"

"ఆ గోడ మీది కాగితం నేను రాసిందే."

క్యాంటీనావిడ చేతులు విప్పింది. ఆమె ముఖంలోకి చూసింది, చెప్పుల దాకా చూసింది.

"కొలతలక్క అంటే మీరేనా?" మేనేజరు గొంతు మారింది. "కూర్చోండి. మంచి పట్టికండీ. మాకు చాలా..."

"పన్నెండు దాటిన గడులన్నీ తప్పు. వండి చూసి రాసినవి కావు. వాటితో వండకండి."

అతను పట్టిక వైపు చూశాడు, జేబులోంచి ఫోను తీశాడు, వేలితో పైకీ కిందికీ తోశాడు. "గ్రూపులో అలా ఎక్కడా లేదే."

"నిన్న రాశాను. తీసేశారు. నన్ను కూడా వారం పాటు మాట్లాడనివ్వరు."

పొయ్యి వైపు నుంచి ముక్కులోంచి వచ్చినట్టు ఒక నవ్వు. క్యాంటీనావిడ వెంటనే ముంజేత్తో మూతి తుడుచుకుంది. కూరగాయలు తరిగే ఇద్దరూ తలలు ఇంకా కిందికి వంచారు.

మేనేజరు మగ్గు బల్ల మీద పెట్టాడు. "మీకు నవ్వులాటగా ఉంది. ఇవాళ తిండి బాగాలేకపోతే నా సంగతేంటో తెలుసా? వచ్చిన రెండో వారమే ఈవిడ మూడురోజులు జ్వరమని రాలేదు. ఆ మూడు రోజులూ ఇక్కడ అన్నం వండగలిగినవాళ్లు లేరు. నూట పది మంది రొట్టెముక్కలు తిని పనిచేశారు. అందుకే కొలత కాగితం మీద ఉండాలన్నా. తప్పా?"

"తప్పు కాదు."

"మరి?"

"ఈవిణ్ణి అడిగి రాసుకోవాల్సింది. నన్ను అడిగారు."

"మిమ్మల్ని నేనెప్పుడడిగాను?"

"నా కాగితం అంటించారుగా."

బియ్యం కడిగే చప్పుడు ఆగిపోయింది. గోడ గడియారం పది దాటి నాలుగు నిమిషాలు చూపిస్తోంది. మేనేజరు మెడ దగ్గర చెమట కాలరులోకి దిగుతోంది. కొలతలక్క కన్ను ఊరికే ఆ కాలరు మీద నిలిచింది. ఒక అర అంగుళం బిగుతు.

"సరే," అన్నాడు. "ఇప్పుడు టైము లేదు. మీరే చెప్పండి. బియ్యం యాభై ఐదు గ్లాసులు. ఎసరెంత?"

నలుగురు ఆడవాళ్లూ ఆమెవైపు చూశారు. అలవాటు చెడ్డది. అడగ్గానే ఒక అంకె ఎక్కడ్నుంచో నాలుక చివరికి వచ్చి నిలబడింది. నిన్నంతా మిషను తొక్కుతూ మనసులో వేసుకున్న లెక్కే. బహుశా దగ్గరదగ్గరగా సరిపోతుంది కూడా. నలభై వేల మంది అడిగినప్పుడల్లా చెప్పిన నోరు.

"నాకు తెలీదు," అంది.

"అదేంటండీ. మీ పేరే..."

"తెలీదండి. నేను పన్నెండు మందికి మించి ఎప్పుడూ వండలేదు."

ఆ తర్వాత ఇంకేమీ కలపలేదు. ఆవిణ్ణి అడగండి అని కూడా అనలేదు. వంటగదిలో ఇక అడగడానికి మిగిలిన మనిషి ఒక్కరే.

మేనేజరు మగ్గు తీసుకున్నాడు. పక్కకు తిరిగాడు. "ఎంత పొయ్యమంటావ్," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "చెప్పండి. ఎంత పొయ్యమంటారు?"

క్యాంటీనావిడకు తొందరేమీ లేదు. గిన్నె అంచు పట్టుకుని కొంచెం కదిపి, పొయ్యి మీద సరిగా కూర్చుందో లేదో చూసుకుంది. కడిగిన బియ్యంలోంచి నాలుగు గింజలు తీసి, వేళ్ల మధ్య నలిపింది. తరిగిన కూరగాయల కుప్పను కళ్లతోనే తూచింది.

"ముందు ఆ కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకోండి. ఆవిరి తగిలితే ఎర్రసిరా కారుతుంది. ఎసట్లో పడితే బాగుండదు."

అతను తీశాడు. రెండు మూలలు గోడకే అంటుకుని చిరిగాయి.

"ఇప్పుడు పొయ్యండి. నేను చాలన్నప్పుడు ఆపండి."

అతను పోయడం మొదలుపెట్టాడు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. ఆవిడ అతని చేతి వైపు గానీ మగ్గు వైపు గానీ చూడలేదు. గిన్నెలోకి వంగి నీటి అంచును చూస్తోంది. పదిహేను. పదహారు. పదిహేడు నిండుగా పడ్డాక చెయ్యి కొంచెం లేపింది, దించింది. ఇంకొకటి.

"చాలు."

"పద్దెనిమిది." అతను నమ్మలేనట్టు గిన్నెలోకి చూశాడు. "తొమ్మిదిన్నర తక్కువ. పద్దెనిమిదేనా?"

"ఇవాళ్టి బియ్యానికి పద్దెనిమిది. కొత్త బస్తా విప్పితే మళ్లీ అడగండి."

మేనేజరు జేబులోంచి ఆ చిరిగిన పట్టికే తీసి, వెనక్కి తిప్పి, బల్ల మీద పెట్టి రాసుకున్నాడు. 'ఇవాళ్టి బియ్యానికి' అన్న మాటతో సహా రాసుకున్నాడు. రాసి, ఆగి, "మీ పేరు ఎలా రాయాలి?" అన్నాడు.

"తర్వాత చెబుతా. మంట చూడనివ్వండి." ఆవిడ వంగి మంట పెంచింది. లేస్తూ, ఎవరి వైపూ చూడకుండా చెయ్యి చాచింది. "మూత."

దగ్గర్లో ఉన్నది కొలతలక్కే. గోడకు ఆనించిన మూతను రెండు చేతులా పట్టుకుని ఎత్తబోయింది. లేవలేదు. కాళ్లు ఎడంగా పెట్టి, నడుం వంచి, మళ్లీ పట్టుకుంది. అంచు రెండో వైపు క్యాంటీనావిడ వచ్చి పట్టింది.

"ఇప్పుడు," అంది. ఇద్దరూ ఎత్తారు.